డ్రమ్ము తిరుగుతున్నంతసేపూ

శుక్రవారం ఉదయం పది ఇరవైకి ఎలీషా కాంక్రీటు లారీ కంకిపాడులో రామకోటేశ్వరరావు గారి కొత్త ఇంటి ముందుకొచ్చి ఆగింది. లారీ ఆగినా దాని వీపు మీది డ్రమ్ము ఆగలేదు, ఆగకూడదు. గన్నవరం దాటాక హైవే పక్కనున్న ప్లాంటులో తొమ్మిది ముప్పై అయిదుకి ఆ డ్రమ్ములో ఆరు క్యూబిక్ మీటర్ల కాంక్రీటు మాలు పడింది. ఆ నిమిషం నుంచీ ఎలీషా మనసు గడియారం మీదే ఉంది. మే నెల ఎండ. ప్లాంటులో నీళ్ళల్లో ఐసు కలిపారు, తొందరగా బిగుసుకోకుండా మందు కూడా పోశారు. అయినా ఈ ఎండలో రెండు గంటలు దాటితే మాలు ఎవరి మాటా వినదని, పదకొండేళ్ళుగా ఆ సీట్లో కూర్చుంటున్నవాడికి ఒకరు చెప్పక్కర్లేదు.

ఇంటాయన బియ్యం వ్యాపారి. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, చేతిలో కొబ్బరికాయ. పైన ఇనుప ఊచలకి అప్పుడే పసుపు పూశారు. కింద వంటవాళ్ళు కూలీలకోసం పులిహోర కలుపుతున్నారు. శ్లాబు రోజంటే ఇంట్లో పెళ్ళి లాంటిదే. అంతా సిద్ధమే గానీ మాలు పైకి తోసే పంపు వాళ్ళకి చివరి గొట్టం సరిగ్గా కూర్చోలేదు. అది కూర్చునేసరికి పది నలభై అయింది.

రామకోటేశ్వరరావు గారు వాచీ చూసుకుని కొబ్బరికాయ పక్కన పెట్టేశారు.

"ఏమయ్యా డ్రైవరూ, పదిన్నర దాటిపోయింది. రాహుకాలం వచ్చేసింది. పన్నెండయ్యాక మొదలెడదాం."

"పన్నెండంటే కష్టమండీ. మాలు ఎక్కించి అప్పుడే గంట దాటింది."

"దాటితే ఏమైంది? డ్రమ్ము తిరుగుతానే ఉందిగా. పైన తడి గోతాలు కూడా కప్పిస్తాను. ఎక్కడ ఆరిపోద్ది?" అని, కోపమేమీ లేకుండానే అన్నారాయన, "మీకు ఇయ్యన్నీ పట్టింపు ఉండవు గానీ మాకు ఉంటాయయ్యా."

ఎలీషా మెడలోని చిన్న సిలువ చొక్కా బయటికి వచ్చి ఉంది. దాన్ని లోపలికి తోసుకున్నాడు. పంచాంగంతో అతనికి పేచీ లేదు. పేచీ అంతా డ్రమ్ములో ఉన్నదానికే.

ప్లాంటు తరఫున మాలు పరీక్ష చెయ్యడానికి కీర్తన అనే అమ్మాయి స్కూటీ మీద వచ్చింది. ఇంజనీరింగు అయి ఏడాది కాలేదు, ఉద్యోగంలో చేరి రెండు నెలలు. తలకి పెద్దదైపోయిన హెల్మెట్టు సర్దుకుంటూ ముందుకొచ్చింది.

"సార్, అది ఆరడం కాదండీ. సిమెంటూ నీళ్ళూ కలిసి లోపల వేరే పదార్థం తయారవుతా ఉంటది. నీళ్ళల్లో ముంచి ఉంచినా గట్టిపడుద్ది. ఎండ పెరిగేకొద్దీ ఆ పని జోరెక్కుద్ది. పది డిగ్రీల వేడి పెరిగితే ఇంచుమించు రెండింతల జోరండీ."

"అమ్మాయ్, నువ్వు పుట్టకముందే నేను రెండు గోడౌన్లు కట్టించాను," అని నవ్వారాయన.

మేస్త్రి జక్కయ్య బీడీ పారేసి వంత పాడాడు. "పొద్దున కలిపిన మాలు మధ్యాహ్నం దాకా వాడేవోళ్ళం మేము. సిమెంటు సంగతి మాకు తెలవదా?"

"అప్పటి సిమెంటు వేరు మేస్త్రీ," అన్నాడు ఎలీషా. "ఇప్పుడు బాగా సన్నగా ఆడుతున్నారు. బియ్యం నానడానికి పూట పడుద్ది. పిండి నానడానికి ఎంతసేపు?"

జక్కయ్య పులిహోర వైపు నడిచాడు. ఎలీషా పక్కకి వెళ్ళి ప్లాంటు మేనేజరు జయకృష్ణకి ఫోన్ చేశాడు. జయకృష్ణ అంతా విన్నాడు.

"వెయిట్ చెయ్. ఆయన పై అంతస్తు కూడా మనకే ఇస్తానన్నాడు. ఆయన్ని నొప్పించొద్దు."

"మరి మాలు బిగిస్తే సార్?"

"బిగిస్తే నీళ్ళు కొట్టి పొయ్యి. కొత్తా ఏంటి నీకు? వెనక్కి మాత్రం తీసుకురాకు. నీకు ఇది మూడో రిమార్కు అవుద్ది, గుర్తుంచుకో."

గుర్తుండకేం. ఏడాదిలో 'డ్రైవర్ ఆలస్యం' అని మూడుసార్లు పడితే బండి తాళం తీసేసుకుంటారు. ఆ తర్వాత యార్డులో ఇసక ఎత్తడమే. మొదటి రిమార్కు ఉప్పులూరు రైల్వే గేటు దయ, రెండోది పంక్చరు. రెండింట్లోనూ ఎలీషా చేసిన తప్పేమిటో రాసినవాళ్ళకి కూడా తెలియదు. యాభై దాటినవాడికి ఇంకో ప్లాంటులో స్టీరింగు ఇస్తారన్న ఆశ కూడా లేదు.

"అయితే రెండో బండికి నేను చెప్పేదాకా మాలు ఎక్కించకండి సార్. అదన్నా దక్కుద్ది," అన్నాడు. జయకృష్ణ సరేనన్నాడు.

పదకొండయింది. ఆడకూలీలు ఇద్దరు డ్రమ్ము మీద గోతాలు కప్పి నీళ్ళు చల్లారు. చల్లిన నీళ్ళు పొగలై లేచిపోయాయి. ఎలీషా ప్రతి పది నిమిషాలకీ దిగి డ్రమ్ము పొట్ట మీద అరచెయ్యి ఆనించి చూశాడు. పై వేడి ఎండది. దాని అడుగున ఇంకో వేడి ఉంటుంది, లోపలినుంచి వచ్చేది, సిమెంటు పని మొదలుపెట్టిందని చెప్పేది. పదకొండున్నరకి ఆ వేడి చేతికి తగిలింది. మొదట చిత్తడిగా బళుక్కుమంటూ తిరిగిన మాలు ఇప్పుడు పెద్ద ముద్దగా లేచి దభీమని పడుతోంది. క్యాబిన్లో ముల్లు ఒక్కో గీతే పైకి జరుగుతోంది. డ్రమ్ము తిప్పడానికి ఇంజను ఎంత కష్టపడుతోందో ఆ ముల్లు చెబుతుంది.

చెయ్యడానికి ఏమీ లేకుండా, అయిపోతున్నదాన్ని చూస్తూ కూర్చోవడం చాలా కష్టం. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. వీళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు. అందరూ మంచి ఘడియ కోసం ఎదురు చూస్తున్నారు. ఆ ఘడియ వచ్చేసరికి మాలు ఉండదన్న సంగతి కీర్తనకి తప్ప ఒక్కరికీ పట్టలేదు.

పన్నెండూ అయిదుకి కొబ్బరికాయ కొట్టారు. ఎలీషా కొంచెం మాలు తొట్టిలోకి వదిలాడు. కీర్తన దాన్ని గరాటులాంటి ఇనుప గొట్టంలో మూడు దఫాలుగా నింపి, ఊచతో కూరి, గొట్టం మెల్లగా పైకి లాగింది. బాగున్న మాలైతే చతికిలపడాలి. ఇది అలాగే నిలబడి, పై అంచు ఒకటి మాత్రం రెండు వేళ్ళంత కుంగింది.

పంపు అతను చూసి చెయ్యి ఊపేశాడు. "ఇది గొట్టంలో ఎక్కదు. ఇరుక్కుపోద్ది."

"నీళ్ళు కొట్టు ఎలీసా, రెండొందల లీటర్లు. చూస్తావేంటి?" అని అరిచాడు జక్కయ్య.

ఎలీషా చెయ్యి అలవాటుగా నీళ్ళ గొట్టం మీదకి వెళ్ళింది. ఎన్ని వందల సార్లు కొట్టాడో లెక్కలేదు. మేస్త్రి కొట్టమంటాడు, డ్రైవరు కొడతాడు, మాలు జారుతుంది, అందరూ ఇళ్ళకి పోతారు. శ్లాబు గుల్ల అయిన సంగతి పదేళ్ళ తర్వాత ఏ వానాకాలానికో బయటపడుతుంది. అప్పటికి ఎవరు కొట్టారో ఎవరికి గుర్తు?

కీర్తన మాత్రం అతని పక్కనే నిలబడి, చిన్న గొంతుతో, "వద్దండీ. నేను సంతకం పెట్టలేను," అంది. వెంటనే ఆమె ఫోన్ మోగింది. జయకృష్ణ. "సంతకం పెట్టమ్మా, నేను చూసుకుంటా," అన్న మాట ఎలీషాకి కూడా వినపడింది. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు రామకోటేశ్వరరావు గారు మెట్లు దిగి వచ్చారు. మేస్త్రి వైపు చూడలేదు, ఫోన్ పట్టుకున్న అమ్మాయి వైపూ చూడలేదు. నేరుగా ఎలీషా దగ్గరికొచ్చి అడిగారు.

"నీళ్ళు కొడితే ఏమీ కాదు కదా?"

ఎలీషా చెయ్యి నీళ్ళ గొట్టం మీదే ఉంది. ఏం కాదండీ అంటే సరిపోయేది. ఆ రెండు మాటలు నోటిదాకా వచ్చాయి కూడా. తాళం జేబులోనే ఉండేది, రిమార్కు పడేది కాదు.

"అవుద్దండీ," అన్నాడు. "ఎక్కువైన నీళ్ళు తర్వాత ఎగిరిపోతాయి. అవి ఉన్నచోటల్లా లోపల ఖాళీ మిగిలిపోద్ది. మీ శ్లాబుకి రావలసిన బలం రాదు. ఇది పోయించుకోకండి. రెండో బండి వస్తది, అది పోయించుకోండి."

రామకోటేశ్వరరావు గారి మొహం నల్లబడింది. "శుభమా అని మొదలెడుతుంటే..." అని వెనక్కి తిరిగిపోయారు. జక్కయ్య గట్టిగానే తిట్టాడు. ఎలీషా రెండో బండికి ఫోన్ చేసి ఎక్కించమని చెప్పి, తొట్టి కడిగి, లారీ తిప్పుకున్నాడు.

సందు చివర బుల్లెమ్మ టీ కొట్టు దగ్గర ఆపాడు. "పంచదార ఎంతుంది బుల్లెమ్మా?"

"మూడు కిలోలు ఉంటది. ఎందుకు?"

"మొత్తం ఇవ్వు. రేపు తెచ్చిస్తా."

"మొత్తమిస్తే సాయంత్రం టీలు ఎట్టా పెట్టను?" అని సణుగుతూనే ఆమె డబ్బా ఎత్తి ఇచ్చింది. ఎలీషా దాన్ని బకెట్టు నీళ్ళల్లో కరిగించి, నిచ్చెనెక్కి డ్రమ్ము నోట్లో కుమ్మరించాడు. పంచదార తగిలితే సిమెంటు ఇక బిగుసుకోదు, ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. గుప్పెడు చాలు బొచ్చెడు మాలుని మర్నాటిదాకా ఆపడానికి. కాకపోతే అప్పటికే పట్టేసినదాన్ని అది విడిపించలేదు. డ్రమ్ము లోపల మరమేకు చుట్టులా తిరిగే ఇనుప రెక్కల మూలల్లో ఎంత పట్టేసిందో ఎలీషాకి తెలియదు. గంట ముందు పోసుంటే బాగుండేదనుకున్నాడు. కానీ గంట ముందైతే ఆ మాలు ఇంకా శ్లాబుకి పనికొచ్చేదే, దాన్ని చేతులారా పాడుచెయ్యలేడు కదా.

ఉప్పులూరు గేటు మళ్ళీ పడింది. రెండు గూడ్సులు పోయేదాకా ఆ ఎండలో నిలబడ్డాడు. ప్లాంటుకి చేరి డ్రమ్ము వెనక్కి తిప్పితే ముప్పావు వంతు మాలు యార్డులో కుప్పగా పడింది. మిగతాది రాలేదు.

జయకృష్ణ బయటికొచ్చి కుప్పనీ డ్రమ్మునీ చూసి, అప్పటికే స్కూటీ మీద తిరిగొచ్చిన కీర్తన చేతిలోని చీటీ తీసుకున్నాడు. లోడు వెనక్కి రావడానికి కారణం అన్నచోట ఆ పిల్ల, 'సైటు ఓనర్ గారు గంటన్నర ఆపించడం వల్ల' అని రాసింది. జయకృష్ణ దాన్ని కొట్టేసి 'డ్రైవర్ ఆలస్యం' అని రాశాడు.

"కస్టమర్ మీద రాస్తామా? రెండు నెలలైంది వచ్చి, ఆ మాత్రం తెలవదా?"

కీర్తన తలొంచుకుంది. జయకృష్ణ ఎలీషా వైపు చెయ్యి చాచాడు. "తాళం."

"డ్రమ్ములో పట్టింది కొట్టి తీశాక ఇస్తాను సార్," అన్నాడు ఎలీషా. "లోపల మనిషి ఉన్నంతసేపూ తాళం ఆ మనిషి దగ్గరే ఉండాలి. ఎవడన్నా తెలవక స్టార్ట్ చేస్తే పిండైపోతాను."

అది నిజం. ఆ ప్లాంటులో ఇంకో పద్ధతి కూడా ఉంది. ఎవరి డ్రమ్ము బిగిస్తే వాళ్ళే లోపలికి దిగి కొట్టాలి. ఎవరు పెట్టారో తెలియదు, ఏ కాగితం మీదా లేదు. కిందటి వేసవిలో చక్రి అనే డ్రైవరు మూడు రోజులు దిగి, ఎడమ చెవి వినికిడి పోగొట్టుకుని ఊరెళ్ళిపోయాడు.

శనివారం పొద్దున ఏడింటికి ఎలీషా దిగాడు. డ్రమ్ము పక్కన మనిషి భుజాలు పట్టేంత చిన్న తలుపు ఉంటుంది. దాని బోల్టులు ఊడదీసి, ముందు కాళ్ళు, తర్వాత నడుము, ఆఖరున తల. లోపల చదునైన చోటంటూ లేదు. ఇనుప రెక్కల మధ్య ఒక కాలు పైకి, ఒక కాలు కిందకి పెట్టుకుని, ఉలి ఆనించి, పెద్ద సుత్తితో కొట్టాలి. ఒక్కో దెబ్బకీ ఇనుమంతా మోగి ఆ మోత చెవుల్లో పెట్టుకున్న దూదిని దాటి తలలోకి పోతుంది. అరచెయ్యంత పెచ్చు ఊడటానికి ఇరవై దెబ్బలు. దుమ్ము పోయే దారి లేదు. గంటకోసారి తల బయటపెట్టి ఊపిరి పీల్చుకుని, నీళ్ళు తాగి మళ్ళీ లోపలికి. కీర్తన ఆఫీసు గదిలోని టేబుల్ ఫ్యాను తెచ్చి తలుపు దగ్గర పెట్టింది. అతని మొహం చూడలేక వెంటనే వెళ్ళిపోయింది.

ఆదివారం చర్చికి వెళ్ళలేదు. మెడ తిరగడం లేదు, పిలిస్తే వినపడటం లేదు. భార్య మార్త అతన్ని గుమ్మంలో కూర్చోబెట్టి, తడి గుడ్డతో చెవుల్లోని సిమెంటు దుమ్ము తీసింది. తీస్తూ తీస్తూ ఆగి, గట్టిగా అడిగింది.

"ఇన్నేళ్ళూ కొట్టావుగా నీళ్ళు. ఈ ఒక్కసారికి కొట్టుంటే ఏం పోయేది?"

ఎలీషా మెడ తిరగక నడుముతో సహా ఆమె వైపు తిరిగాడు.

"ఇన్నేళ్ళూ నన్నెవరూ అడగలేదే," అన్నాడు.

మార్త గుడ్డ పిండి మళ్ళీ పని మొదలుపెట్టింది. రేపటితో డ్రమ్ము అయిపోతుందని ఇద్దరికీ తెలుసు. అయిపోయాక తాళం ఇచ్చెయ్యాలని కూడా తెలుసు.

సోమవారం పదకొండింటికి ఎలీషా లోపల ఉండగా బయట కారు ఆగిన చప్పుడైంది. సుత్తి ఆపాడు. ఫ్యాను గాలితోపాటు మాటలు లోపలికి వస్తున్నాయి.

"మీ మెసేజ్ చూశానండీ," అంటున్నది రామకోటేశ్వరరావు గారు. "డ్రైవరు ఆలస్యం వల్ల మొదటి లోడు పాడైంది, అసౌకర్యానికి చింతిస్తున్నాం, సదరు డ్రైవరుని తొలగిస్తున్నాం అని పెట్టారు."

"అవును సార్. మళ్ళీ అట్లాంటివి జరగవు," అన్నాడు జయకృష్ణ.

"అతను పది ఇరవైకల్లా మా ఇంటి ముందున్నాడు. ఆపింది నేను."

జయకృష్ణ గొంతు తగ్గించాడు. "అది మా ఇంటర్నల్ సార్. ఏదో ఒకటి రాయాలి కదా. మీరు పట్టించుకోకండి."

"నా పేరు చెప్పి ఒక మనిషిని తీసేస్తుంటే పట్టించుకోవద్దంటారేంటి? ఏడీ అతను?"

"లోపలున్నాడు సార్."

"ఏ లోపల?"

కీర్తనే చెప్పింది. "డ్రమ్ములో అండీ. ఎవరి డ్రమ్ము బిగిస్తే వాళ్ళే దిగి కొట్టాలి. ఇక్కడ పద్ధతి అండీ. ఈయన నీళ్ళు కొట్టలేదు కాబట్టే బిగిసింది." ఆ పిల్ల అక్కడితో ఆగలేదు. "కారణం దగ్గర నేను ఉన్నదే రాశానండీ. కొట్టేశారు."

తర్వాత తలుపులో వెలుగు ఆరిపోయింది. రామకోటేశ్వరరావు గారి మొహం అడ్డంగా లోపలికి వచ్చింది. లోపలి వేడి తగిలి ఒక్కసారి కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచారు. దుమ్ములో మనిషిని పోల్చుకోవడానికి ఆయనకి కొంత టైము పట్టింది.

"ఎన్నాళ్ళుగా కొడుతున్నారు?"

"శనివారం పొద్దున్నుంచండీ. ఈ రోజుతో అయిపోద్ది."

"బిగిసింది నా వల్ల కదా."

ఎలీషా మొహం మీది దుమ్ము భుజానికి తుడుచుకున్నాడు.

"మీ పద్ధతి ప్రకారం దిగాల్సింది నేను," అని ఆయన మొహం వెనక్కి తీసుకున్నారు. జయకృష్ణ, "సార్, సార్, ఏంటి సార్ ఇది," అంటున్నాడు. చెప్పులు విప్పిన చప్పుడు వినిపించింది. ముందు రెండు పాదాలు, తర్వాత తెల్ల ప్యాంటు, ఆ తర్వాత తలుపు అంచుకి ఒరుసుకుంటూ నడుము వచ్చాయి. ఎలీషా గబుక్కున జరిగి ఆయన కాలు పట్టుకుని రెక్క మీద ఆనించకపోతే జారి పడేవారే.

ఇద్దరు మనుషులు పట్టే చోటు కాదది. మోకాళ్ళు మోకాళ్ళకి తగులుతున్నాయి. ఆయన చెయ్యి చాస్తే ఎలీషా సుత్తి ఇచ్చాడు, ఉలి తనే పట్టుకున్నాడు. మొదటి దెబ్బ తప్పింది. రెండోది తగిలింది. మోతకి ఆయన రెండు చెవులూ మూసుకున్నారు, మళ్ళీ సుత్తి తీసుకున్నారు. పదో పన్నెండో కొట్టేసరికి ఊపిరాడక దగ్గు పట్టుకుంది. అప్పటికి ఊడింది వేలెడంత ముక్క. దాన్ని చేతిలోకి తీసుకుని చూశారు.

"దీన్నేనా నేను పోయించమన్నది?"

"నీళ్ళు కొట్టుంటే ఇంతకన్నా గుల్లగా ఉండేదండీ," అన్నాడు ఎలీషా. "ఇంక వెళ్ళండి. మీకు అలవాటు లేదు."

"మీకు మాత్రం అలవాటా?" అన్నారాయన. ఆ మాటలో కోపం ఉంది, అది ఎవరి మీదో ఎలీషాకి అర్థం కాలేదు.

ఆయన్ని బయటికి తీసేసరికి నలుగురు కావలసి వచ్చింది. చొక్కా భుజం దగ్గర చిరిగింది, జుట్టంతా బూడిద రంగైంది. కీర్తన నీళ్ళ సీసా ఇస్తే సగం తాగి, మిగతా సగం తలుపులోంచి ఎలీషాకి అందించారు. తర్వాత ఫోన్ తీశారు.

"పంతులుగారూ, ఇంటి శ్లాబు మొన్న తర్వాతి బండ్లతో అయిపోయింది గానీ, వచ్చే శుక్రవారం ముందు వసారా శ్లాబుకి తొమ్మిదీ పదహారు అన్నారు కదండీ. మార్చాలి. ఎండ ఎక్కకముందు కావాలి... కాదండీ, మేస్త్రి అన్నది కాదు. మాలు ఆగదండి. మనం ఆగమన్నా ఆగదు... ఒక్క నిమిషం లైనులో ఉండండి, డ్రైవరు గారిని అడిగి చెప్తాను."

ఆయన తలుపు దగ్గరికి వంగారు.

"ఎలీషా గారూ, ఎన్నింటికి పెట్టమంటారు?"

ఎలీషా తల బయటపెట్టి ముందు జయకృష్ణ వైపు చూశాడు. జయకృష్ణ హైవే మీద పోయే లారీల్ని చూస్తున్నాడు.

"తెల్లవారుజామున నాలుగున్నరకి మాలు ఎక్కించుకుంటే అయిదుంపావుకి మీ ఇంటి ముందుంటానండీ," అన్నాడు. "అయిదున్నరకల్లా పంపు సిద్ధంగా ఉండాలి. కొబ్బరికాయ అంతకు ముందే కొట్టేసుకోండి. నేను మాత్రం ఆగను."

రామకోటేశ్వరరావు గారు ఆ మాటలన్నీ ఒక్కటీ వదలకుండా పంతులుగారికి అప్పజెప్పారు. అవతలాయన పేజీలు తిప్పుతున్నట్టున్నాడు, ఈయన చిరిగిన చొక్కాతో ఎండలోనే నిలబడి ఎదురు చూశారు. చివరికి, "ఆఁ, ఉంది కదా, అదే ఖాయం చెయ్యండి," అని పెట్టేసి, జయకృష్ణ వైపు తిరిగారు. ఊరికే చూస్తూ నిలబడ్డారు.

జయకృష్ణ లారీల మీంచి చూపు తిప్పాడు. "శుక్రవారం, కంకిపాడు, నాలుగున్నర లోడింగ్," అన్నాడు కీర్తనతో. "బండి... ఎలీషాది రాయమ్మా."

కీర్తన ఆఫీసు ముందున్న బోర్డు దగ్గరికి దాదాపు పరిగెత్తింది. ఎలీషా ఆ పిల్ల రాసేదాకా చూశాడు. తన పేరు పూర్తయ్యాక దూది మళ్ళీ చెవుల్లో కూరుకుని లోపలికి దిగాడు. ఆఖరి రెండు రెక్కల మధ్య ఇంకా మాలు మిగిలే ఉంది.